సిస్టంలో ఉంది, ర్యాక్‌లో లేదు: మెటీరియల్ డేటాపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ పేజీల్లో ఎమ్మార్పీ అంటే ప్యాకెట్ మీద అచ్చేసే ధర కాదు. ఉత్పత్తికి ఏ సరుకు, ఎంత, ఏ తేదీకి కావాలో లెక్క తీసే పద్ధతి. అది కావలసిన దానిలోంచి చేతిలో ఉన్నదీ, రావలసిందీ తీసేస్తుంది. మిగిలిన దానికి ఆర్డరు ప్రతిపాదించి, గడువు నుంచి రోజులు వెనక్కి లెక్కపెట్టి తేదీ వేస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో "సాఫ్ట్‌వేర్ తప్పు చెబుతోంది" అన్న ఫిర్యాదే ఎక్కువ. ప్రతి ఫిర్యాదుకూ కారణం మెటీరియల్ మాస్టర్ (ఒక్కో సరుకు వివరాలుండే రికార్డు)లోనో, బీఓఎం (ఒక వస్తువు తయారీకి ఏ పార్టు ఎంత కావాలో చెప్పే జాబితా)లోనో, స్టాకు పద్దులోనో ఉన్న ఒక అంకె దగ్గరే దొరికింది.

ప్రశ్న: మా స్టోర్ లెక్క 95 శాతం సరిగ్గా ఉందని ఆడిట్‌లో తేలింది. అయినా ఏదో ఒక పార్టు లేక వారంలో సగం ఆర్డర్లు ఆగుతున్నాయి. 95 శాతం చాలదా?
– ప్రొడక్షన్ ప్లానర్, పటాన్‌చెరు

పార్టుకు పార్టుగా చూస్తే 95 మంచి మార్కే. కానీ ఆర్డరు మొదలవ్వాలంటే పార్టులన్నీ ఒకేసారి ఉండాలి. అసెంబ్లీలో 20 పార్టులున్నాయనుకోండి. ఒక్కొక్కదాని లెక్క నిజమయ్యే అవకాశం 0.95 అయితే, ఇరవై లెక్కలూ ఒకేసారి నిజమవడానికి 0.95ను ఇరవై సార్లు హెచ్చవేయాలి. వచ్చేది 0.36. అంటే వందలో 64 ఆర్డర్లలో కనీసం ఒక పార్టు లెక్క తప్పే. ర్యాక్‌లో పద్దు కంటే ఎక్కువ ఉన్న పార్టులు ఆర్డరును ఆపవు కాబట్టి అసలు దెబ్బ ఇంతకంటే తక్కువే ఉంటుంది. మీరు చూస్తున్న "సగం" ఈ లెక్కకు సరిపోతోంది. ఇదే 99 శాతానికి చేరిస్తే ఇరవై పార్టులకు 0.82 వస్తుంది.

తేడా ఎక్కడ పుడుతోందో ముందు పట్టుకోవాలి. బ్యాక్‌ఫ్లష్ వాడే ఫ్యాక్టరీల్లో మొదట చూడాల్సింది కన్ఫర్మేషన్ టైం. బ్యాక్‌ఫ్లష్ అంటే ఉత్పత్తి కన్ఫర్మ్ చేసినప్పుడు బీఓఎం ప్రకారం స్టాకు దానంతటదే తగ్గడం. సోమవారం వాడిన సరుకును సూపర్‌వైజర్ శనివారం కన్ఫర్మ్ చేస్తే, ఆ ఐదు రోజులూ ప్లాన్ లేని స్టాకును ఉన్నట్టు చూస్తుంది. కన్ఫర్మేషన్ ప్రతి షిఫ్టు చివర జరగాలి. ఎస్ఏపీ (ఫ్యాక్టరీ లెక్కలు, ప్లాన్ నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అందులోని సీఓజీఐ లిస్టు రోజూ ఉదయం తెరవండి. స్టాకు చాలకో, స్టోరేజ్ లొకేషన్ తప్పు ఉండో తగ్గకుండా మిగిలిపోయిన పద్దులన్నీ అక్కడే పోగవుతాయి. ఆ లిస్టు రోజూ ఖాళీ కాకపోతే ఎంత లెక్కపెట్టినా ఫలితం ఉండదు.

తర్వాత కంట్రోల్ గ్రూప్ పద్ధతి పెట్టండి. బాగా కదిలే పార్టులు పది ఎంచుకుని, అవే పది పార్టులను పది పని రోజులు, రోజూ ఒకే వేళకు, ఇష్యూలు మొదలవ్వకముందే లెక్కపెట్టండి. నిన్నటి లెక్కకు నిన్నటి రాకపోకలు కలిపితే ఇవాళ్టి లెక్క రావాలి. రాకపోతే తప్పు ఆ 24 గంటల్లోనే ఉంది కాబట్టి కారణం దొరుకుతుంది: చీటీ లేకుండా ఇచ్చిన సరుకు, లైన్ నుంచి వెనక్కొచ్చి ఎంట్రీ కాని సరుకు, రిజెక్ట్ అయి పక్కన పెట్టినా పద్దులో మంచి స్టాకుగానే ఉన్నది. ఏడాదికోసారి అంతా లెక్కపెట్టి సర్దుబాటు వేస్తే అంకె మారుతుంది, కారణం అలాగే ఉంటుంది.

రోజూ కొన్ని చొప్పున వేసే లెక్కల్లో, విలువను బట్టి ఎ, బి, సి తరగతులుగా విడదీసిన సరుకుకు ‘ఎ’ నెలకోసారి, ‘బి’ మూడు నెలలకోసారి, ‘సి’ ఏడాదికోసారి చాలు. లెక్క రెండు వైపుల నుంచీ జరగాలి. పద్దులో ఉన్నది ర్యాక్‌లో ఉందా అనే కాదు, ర్యాక్‌లో ఉన్నది పద్దులో ఉందా అని కూడా చూడాలి. రెండోది చేయనందువల్లే "లేని" సరుకును మళ్లీ కొంటారు.

ప్రశ్న: సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటు టన్నుల్లో కొంటాం, షాపుకు షీట్ల లెక్కన ఇస్తాం, బీఓఎంలో ముక్కకు కిలోలు ఉన్నాయి. నెలాఖరుకు ఎనిమిది శాతం దాకా తరుగు వస్తోంది. స్టోర్ మనుషులను అనుమానించాల్సి వస్తోంది.
– షీట్ మెటల్ యూనిట్ యజమాని, జీడిమెట్ల

మనుషులను అనుమానించే ముందు ఒక షీటు లెక్క వేసి చూడండి. 1.2 మి.మీ. మందం, 1250 × 2500 మి.మీ. షీటు, ఉక్కు సాంద్రత ఘన సెం.మీ.కి 7.85 గ్రాములు. బరువు 29.44 కిలోలు. దీనిలోంచి 200 × 150 మి.మీ. బ్రాకెట్ బ్లాంకులు తీస్తున్నారనుకుందాం. 1250 వైపు 8, 2500 వైపు 12, మొత్తం 96 ముక్కలు. ఒక్కో బ్లాంకు బరువు 0.283 కిలోలు. 96 ముక్కలకు 27.13 కిలోలు. షీటుకు 2.31 కిలోలు కటింగ్ తుక్కు, అంటే 7.8 శాతం. డ్రాయింగ్‌లోని నికర బరువునే బీఓఎంలో పెట్టి ఉంటే మీ ఎనిమిది శాతం ఇదే. ఎవరూ ఎత్తుకుపోలేదు.

బీఓఎంలో ఉండాల్సింది నికర బరువు కాదు, షీటు బరువును దానిలోంచి వచ్చే ముక్కల సంఖ్యతో భాగిస్తే వచ్చేది: 29.44 ÷ 96 = 0.307 కిలోలు. తుక్కు అమ్ముతారు కాబట్టి దానికీ ఒక కోడ్ పెట్టి, అదే బీఓఎంలో మైనస్ 0.024 కిలోలుగా రాయండి. అప్పుడు తుక్కు కూడా స్టాకులోకి వస్తుంది, నెలాఖరున తుక్కు బండి తూకంతో సరిచూసుకోవచ్చు. మిగిలిన పట్టీలతో వేరే చిన్న పార్టు చేస్తుంటే ఆ పట్టీకి వేరే కోడ్ ఇవ్వండి, తుక్కులో కలపొద్దు.

రెండో తేడా మందం దగ్గర. 1.2 అని వచ్చిన షీటు నిజంగా 1.15 ఉంటే బరువు 28.21 కిలోలే, అంటే నాలుగు శాతం తేడా. కొనడం కిలోల్లో, వాడకం షీట్లలో జరిగినప్పుడు మాస్టర్‌లోని "1 షీటు = 29.44 కిలోలు" అన్న మార్పిడి ఒక లాట్‌కు సరిపోతుంది, ఇంకో లాట్‌కు సరిపోదు. అందుకే మూల యూనిట్ కిలోలు పెట్టి, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) సమయంలో వేబ్రిడ్జి తూకంతో పాటు షీట్ల సంఖ్య కూడా రాయించండి. ఆ రెంటి నిష్పత్తి అంచనాకు రెండు శాతం మించి దూరంగా ఉంటే మైక్రోమీటర్‌తో మందం కొలవండి. పలుచని షీటుకు ముక్కల సంఖ్య ఏమీ మారదు గాని, వంచాక కొలతల్లో, బలంలో తేడా వస్తుంది.

మూల యూనిట్ మొదటే సరిగ్గా ఎంచుకోండి. స్టాకూ, తెరిచి ఉన్న ఆర్డర్లూ ఉన్నంతవరకు ఎస్ఏపీ దాన్ని మార్చనివ్వదు. ఆచరణలో కొత్త కోడ్ తెరిచి సరుకంతా అందులోకి మార్చడం ఒక్కటే దారి.

చిన్న పరిమాణాల విషయంలో ఇంకో జాగ్రత్త. బీఓఎం పరిమాణంలో దశాంశ బిందువు తర్వాత మూడు స్థానాలే ఉంటాయి. ముక్కకు 0.0004 కిలోల లాక్‌టైట్ (మరలకు పూసే జిగురు) పడితే అది ఆ గడిలో పట్టదు. బేస్ క్వాంటిటీని 1 నుంచి 1000కి మార్చి, 1000 ముక్కలకు 0.400 కిలోలు అని రాయండి.

ప్రశ్న: ఒకే ఎం10 బోల్టుకు మా సిస్టంలో ఐదు కోడ్లు ఉన్నాయి. ఒక కోడ్‌లో 4,000 ఉంటే ఇంకో కోడ్‌కు కొనుగోలు ప్రతిపాదన వస్తోంది. కలపడం ఎలా?
– స్టోర్స్ ఇన్‌ఛార్జి, గాజువాక

కలిపే ముందు అవి నిజంగా ఒకటేనా అని చూడండి. ఫాస్టెనర్లలో ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. డీఐఎన్ 933 (జర్మన్ ప్రమాణం) ప్రకారం ఎం10 హెక్స్ స్క్రూ తలకు 17 స్పానర్ పడుతుంది. ఐఎస్‌ఓ 4017 (అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం అదే ఎం10కి 16. ఎం12 అయితే 19, 18. ఎం8కి రెంటిలోనూ 13. సన్నటి గాడిలో సాకెట్ దూరే చోట, లైన్‌లో టార్క్ గన్‌కు ఒకే సాకెట్ బిగించి ఉన్న చోట ఈ ఒక్క మిల్లీమీటరే లైన్ ఆపుతుంది. పూర్తి మర ఉన్నది, సగం మర ఉన్నది కూడా వేర్వేరు: డీఐఎన్ 933 పూర్తి మర, 931 సగం మర. గ్రేడ్ 8.8, 10.9 తేడాలూ, కోటింగూ సరేసరి.

కాబట్టి ముందు వర్ణన రాసే వరుస ఒకటి ఖాయం చేయండి. వస్తువు పేరు, రకం, సైజు, ప్రమాణం, గ్రేడ్, పూత. ఉదాహరణకు: "స్క్రూ, హెక్స్, ఎం10×30, ఐఎస్‌ఓ 4017, 8.8, జింక్". ఎప్పుడూ ఇదే వరుస, ఇవే పొట్టి మాటలు. "బోల్ట్ 10×30", "హెక్స్ బోల్టు ఎం10", "ఎంఎస్ బోల్ట్ 30 లాంగ్" అని ముగ్గురు మూడు రకాలుగా రాసినందుకే వెతికితే దొరక్క నాలుగో కోడ్ పుట్టింది.

ఒకటేనని తేలిన కోడ్లలో ఎక్కువ బీఓఎంలలో ఉన్నదాన్ని నిలబెట్టండి. ఎక్కువ స్టాకు ఉన్నదాన్ని కాదు. స్టాకు మార్చడం సులువు, వందల బీఓఎంలు మార్చడం కష్టం. మిగతా కోడ్లకు ప్లాంట్ స్థాయిలో మెటీరియల్ స్టేటస్ పెట్టి కొత్త కొనుగోలు ఆపండి. తర్వాత ఎస్ఏపీలోని సీఎస్15 స్క్రీన్‌లో ఆ పార్టు ఎక్కడెక్కడ వాడుతున్నారో తీసి, సీఎస్20తో బీఓఎంలలో ఒకేసారి మార్చండి. తెరిచి ఉన్న పీఓలను (కొనుగోలు ఆర్డర్లను) సరుకు వచ్చేదాకా ఉండనివ్వండి లేదా కొత్త కోడ్‌కు తిరిగి వేయించండి. చివరగా మిగిలిన స్టాకును 309 మూవ్‌మెంట్‌తో (ఒక కోడ్ నుంచి ఇంకో కోడ్‌కు స్టాకు మార్చే ఎంట్రీతో) మార్చండి. రెండు కోడ్ల ధర వేరైతే ఈ పద్దులో తేడా పడుతుంది కాబట్టి అకౌంట్స్‌కు ముందే చెప్పాలి. పాత కోడ్‌ను తుడిచేయొద్దు. స్టాకు సున్నా అయ్యాక డిలీషన్ గుర్తు పెట్టి, వర్ణన ముందు "వాడొద్దు" అనీ, పక్కన కొత్త కోడ్ నంబరూ రాయండి. పాత డ్రాయింగ్ పట్టుకుని వచ్చినవాడికి దారి దొరకాలి.

ఈ వరుస తారుమారైతే, ముఖ్యంగా బీఓఎంలు మార్చకుండా స్టాకు మార్చేస్తే, మర్నాటి ఎమ్మార్పీ పాత కోడ్‌కు మళ్లీ కొనమంటుంది.

కోడ్ నంబర్‌లోనే అర్థం ఇమడ్చాలా అని కూడా అడిగారు. వద్దు. మొదటి రెండంకెలు లోహం, తర్వాతి రెండు సైజు అని మొదలుపెట్టిన పద్ధతులు వందో రకం వచ్చినప్పుడు పగిలిపోతాయి. నంబరు వరుసగా నడవనివ్వండి, గుణాలు వర్ణనలోనూ క్లాసిఫికేషన్‌లోనూ ఉండనివ్వండి.

ప్రశ్న: రోజూ ఉదయం ప్లాన్‌లో 300 ఎక్సెప్షన్ మెసేజ్‌లు (ప్లాన్ చూపే హెచ్చరికలు). సగం "ముందుకు జరుపు" (ఇంకా త్వరగా తెప్పించు), సగం "వెనక్కి జరుపు" (వాయిదా వేయి). ఎవరూ చదవడం మానేశారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కాంపొనెంట్స్ ఫ్యాక్టరీ ప్లానర్, శ్రీసిటీ

లీడ్ టైమ్ దగ్గర. కొన్న సరుకుకు ఎస్ఏపీ తేదీ ఇలా వేస్తుంది: కావలసిన తేదీ నుంచి జీఆర్ ప్రాసెసింగ్ టైమ్ (సరుకు వచ్చాక తనిఖీకి, ఎంట్రీకి పట్టే రోజులు) వెనక్కి, అక్కడి నుంచి ప్లాన్డ్ డెలివరీ టైమ్ వెనక్కి, దాని మీద కొనుగోలు విభాగానికి పట్టే రోజులు ఇంకా వెనక్కి. ఇందులో డెలివరీ టైమ్ క్యాలెండర్ రోజుల్లో, మిగతా రెండూ పని రోజుల్లో. సరఫరాదారు "15 వర్కింగ్ డేస్" అంటే దాన్ని 15 అనే రాసేవాళ్లు చాలామంది. వారానికి ఆరు పని రోజులైతే అది 17 లేదా 18, ఐదైతే 21. ఈ ఒక్క గడి వల్లే వారం రోజుల తేడా పడుతుంది.

సరఫరాదారు మాట మీద కాకుండా జరిగిన దాని మీద అంకె పెట్టండి. గత పది రసీదులకు పీఓ తేదీ నుంచి జీఆర్‌ఎన్ తేదీ దాకా రోజులు తీసి వరుసలో పెట్టండి. ఉదాహరణకు 14, 15, 15, 16, 17, 18, 18, 19, 21, 34. సగటు 18.7. కానీ ఆ 34 వల్ల సగటు పైకి లాగింది. మధ్య విలువ 17.5. మాస్టర్‌లో 18 రాయండి. భయపడి 34 రాస్తే ప్రతి ఆర్డరూ పదహారు రోజులు ముందు వస్తుంది, గోడౌన్ నిండుతుంది, ఆ వెంటనే "వెనక్కి జరుపు" మెసేజ్‌లు మొదలవుతాయి.

లీడ్ టైమ్ మామూలు రోజును చెప్పాలి, చెడ్డ రోజును సేఫ్టీ స్టాక్ మోయాలి. ఆ స్టాకుకూ లెక్క ఉంది. వారానికి సగటు వాడకం 280, వారం వారం వాడకంలో స్టాండర్డ్ డీవియేషన్ 60, తనిఖీతో కలిపి మొత్తం లీడ్ టైమ్ 3 వారాలు అనుకోండి. 95 శాతం సర్వీస్‌కు గుణకం 1.65. 1.65 × 60 × √3 = 171, చుట్టు అంకెగా 175. ఇది వాడకంలోని ఒడిదొడుకులకే. సరఫరా కూడా తరచూ మూడు రోజులు జాప్యమయ్యేదైతే, రోజుకు 40 చొప్పున ఇంకో 120 కలపండి.

ఈ అంకె ఏ గడిలో రాస్తారన్నది ఎమ్మార్పీ టైప్ (ఆ పార్టును ఏ పద్ధతిలో ప్లాన్ చేయాలో చెప్పే గడి) మీద ఆధారపడుతుంది. టైప్ పీడీ (అవసరాన్ని బట్టి ప్లాన్) అయితే సేఫ్టీ స్టాక్ గడిలో. టైప్ వీబీ (స్టాకు ఒక మట్టానికి తగ్గగానే కొనడం) అయితే చూసేది రీఆర్డర్ పాయింట్ గడినే. సేఫ్టీ స్టాక్ దానికి విడిగా కలవదు. పై ఉదాహరణలో 280 × 3 + 175 = 1,015 అని మీరే కలిపి రాయాలి. రీఆర్డర్ పాయింట్‌లో 840 మాత్రమే రాసి, 175 పక్క గడిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న స్టోర్‌లో ప్రతి రెండో సైకిల్‌కు సరుకు నిండుకుంటుంది.

ఇక మీ 300 మెసేజ్‌లు. అన్నీ ఒకేసారి చదవొద్దు. ముందు 05, 06, 07 నంబర్లు, అంటే తేదీ దాటిపోయినవి తీయండి. ఎప్పుడో వచ్చేసినా మూసివేయని పీఓలు, పూర్తయినా టెకో (సిస్టంలో పని ముగిసిందని గుర్తు) చేయని ప్రొడక్షన్ ఆర్డర్లు ఎక్కువగా ఇక్కడ ఉంటాయి. వాటిని మూసేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి, ఎందుకంటే రాని సరుకు వస్తుందని ప్లాన్ చూస్తున్నంతసేపూ కింది తేదీలన్నీ తప్పే. తర్వాత 20, అంటే రద్దు చేయదగినవి. ఆ తర్వాతే 10 (ముందుకు జరుపు), 15 (వెనక్కి జరుపు). మూడు రోజుల లోపు సర్దుబాట్లకు మెసేజ్ రాకుండా రీషెడ్యూలింగ్‌లో టాలరెన్స్ పెట్టండి, సరఫరాదారుకు రోజుకో తేదీ చెప్పే పరిస్థితి తగ్గుతుంది.

ఇంట్లో తయారయ్యేవాటికి ఒక్క మాట. ఇన్-హౌస్ ప్రొడక్షన్ టైమ్ గడిలో రాసింది లాట్ ఎంతైనా మారదు. 50కి మూడు రోజులని రాస్తే 500కీ మూడు రోజులే అనుకుంటుంది. లాట్ సైజులు బాగా మారే పార్టులకు రూటింగ్‌తో (ఏ పని ఏ మెషిన్‌పై ఎంతసేపో చెప్పే వరుసతో) లీడ్ టైమ్ షెడ్యూలింగ్ నడపండి.

ప్రశ్న: బోర్డు అసెంబ్లీలో 3 శాతం నష్టం. అసెంబ్లీ స్క్రాప్‌లో 3, కాంపొనెంట్ స్క్రాప్‌లోనూ 3 పెట్టాం. రీళ్లు మిగిలిపోతున్నాయి, ఒక్కోసారి చాలడం లేదు కూడా. రెండూ ఎలా జరుగుతాయి?
– ఎలక్ట్రానిక్స్ యూనిట్, తిరుపతి

మిగలడానికి కారణం సులువు. 1000 బోర్డులకు అసెంబ్లీ స్క్రాప్ 1030 చేస్తుంది. దాని మీద కాంపొనెంట్ స్క్రాప్ 1061కి తీసుకెళ్తుంది. ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కించారు. బోర్డు మొత్తం పోయే నష్టం అసెంబ్లీ స్క్రాప్. బోర్డు బాగానే ఉండి, ఎక్కించేటప్పుడు ఆ ఒక్క పార్టు పోయే నష్టం కాంపొనెంట్ స్క్రాప్. రెండూ విడివిడిగా కొలిచి రాయాలి.

చాలకపోవడానికి కారణం వేరే ఉంది. రీల్‌ను ఫీడర్‌కు ఎక్కించిన ప్రతిసారీ టేపు మొదట్లో కొన్ని పదుల ముక్కలు పోతాయి. ఇది లాట్ ఎంతైనా దాదాపు ఒకటే. 50 బోర్డుల లాట్, బోర్డుకు 4 రెసిస్టర్లు అంటే 200. మూడు శాతం అంటే 6 ముక్కలు. పోయింది 40. అదే 5,000 బోర్డుల లాట్‌లో మూడు శాతం అంటే 600, పోయేది ఎక్కించడానికి 40, ప్లేస్‌మెంట్‌లో ఇంకొన్ని. కాబట్టి ఈ నష్టాన్ని శాతంగా రాయకండి. అదే పార్టును బీఓఎంలో ఇంకో వరుసగా 40 అని చేర్చి, ఫిక్స్‌డ్ క్వాంటిటీ టిక్ పెట్టండి. పదివేల ముక్కల 0402 (అతి చిన్న సైజు పార్టు) రీల్‌కు ఇది పైసల మీద పోయే పని. ట్రేలో వచ్చే ఖరీదైన ఐసీకి మాత్రం ఈ వరుస అక్కర్లేదు.

ఖరీదైన పార్టు సంగతి వచ్చింది కాబట్టి: టెస్ట్ అయ్యాక చివర్లో బిగించే డిస్‌ప్లేకు కూడా అసెంబ్లీ స్క్రాప్ వర్తించి అదనంగా కొంటూ ఉంటారు. బోర్డు పాడయ్యేది టెస్ట్‌లో, డిస్‌ప్లే అప్పటికింకా బిగించనే లేదు. ఆ వరుసలో నెట్ టిక్ పెట్టి, ఆపరేషన్ స్క్రాప్ రాస్తే అసెంబ్లీ స్క్రాప్ దానికి అంటదు.

శాతం పెట్టేటప్పుడు ఒక చిన్న లెక్క మరవొద్దు. పది శాతం పాడవుతాయని 10 రాస్తే 1,100 మొదలవుతాయి, అందులో పది శాతం పోతే మిగిలేది 990. వెయ్యి రావాలంటే 1000 ÷ 0.90, అంటే 11.11 శాతం రాయాలి. రెండు మూడు శాతాల దగ్గర ఈ తేడా కనబడదు.

ప్రశ్న: టాబ్లెట్ బ్యాచ్‌లో బీఓఎం ప్రకారం 50 కిలోల యాక్టివ్ (అసలు మందు పదార్థం) కొంటాం. డిస్పెన్సింగ్‌లో ప్రతిసారీ కిలోకు పైగా తక్కువ పడుతోంది.
– ప్లానింగ్ ఎగ్జిక్యూటివ్, జడ్చర్ల

బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు)లోని 50 కిలోలు నూరు శాతం అస్సే (అసలు మందు పాళ్లు), నీరు లేని లెక్కన. మీ లాట్ అస్సే, నీరు తీసేసిన లెక్కన, 98.6 శాతం, నీరు 1.2 శాతం అనుకోండి. తూయవలసింది 50 ÷ (0.986 × 0.988) = 51.33 కిలోలు. అదనపు 1.33 కిలోలను ఫిల్లర్‌లో తగ్గించి టాబ్లెట్ బరువు నిలబెడతారు. డిస్పెన్సింగ్ వాళ్లకు ఇదంతా తెలుసు, ప్లాన్‌కే తెలియదు.

బీఓఎంలోని 50ని ముట్టుకోవద్దు, అది రిజిస్టర్ అయిన ఫార్ములా. గత ఇరవై లాట్ల అస్సే, నీరు తీసి ఆ గుణకం ఎంతో చూడండి. 1.02 నుంచి 1.03 మధ్య ఉంటే యాక్టివ్‌కు మాత్రం కాంపొనెంట్ స్క్రాప్ 3 శాతం పెట్టి ప్లాన్ చేయండి. బ్యాచ్‌కు బ్యాచ్ కచ్చితంగా నడపాలంటే ఎస్ఏపీలో యాక్టివ్ ఇంగ్రీడియెంట్ మేనేజ్‌మెంట్ ఉంది, కానీ దానికి క్వాలిటీ విభాగం ప్రతి లాట్ పొటెన్సీని బ్యాచ్ క్యారెక్టరిస్టిక్‌లో సమయానికి ఎక్కించాలి.

ఇంకో రంధ్రం గడువు తేదీ. మామూలు అమరికలో ఎమ్మార్పీ పరుగు స్టాకు మొత్తాన్నే చూస్తుంది, ఏ బ్యాచ్ వచ్చే నెల గడువు తీరుతుందో చూడదు. లీడ్ టైమ్‌లోపు గడువు లేదా రీటెస్ట్ తేదీ వచ్చే బ్యాచ్‌ల లిస్టు వారానికోసారి తీసి, వాడకానికి రాని వాటిని బ్లాక్డ్ స్టాక్‌లోకి మార్చండి. మాస్టర్‌లో మినిమమ్ రిమైనింగ్ షెల్ఫ్ లైఫ్ గడి ఖాళీగా వదలొద్దు. గడువు దగ్గరపడ్డ సరుకును గేటు దగ్గరే పట్టేది అదొక్కటే. తనిఖీలో ఉన్న సరుకు కూడా ప్లాన్‌కు అందుబాటు స్టాకే కాబట్టి, క్యూసీకి పట్టే రోజులను జీఆర్ ప్రాసెసింగ్ టైమ్‌లో నిజాయితీగా రాయండి.

ప్రశ్న: డ్రాయింగ్ రివిజన్ మారిన ప్రతిసారీ కొత్త పార్టు నంబర్ ఇవ్వాలా?
– డిజైన్ ఇంజనీర్, శ్రీపెరంబుదూర్

పాతది కొత్తదాని స్థానంలో, కొత్తది పాతదాని స్థానంలో, రెండు వైపులా ఇబ్బంది లేకుండా ఇమిడితే అదే నంబర్, రివిజన్ మాత్రం పెంచండి. ఒక్క వైపే ఇమిడినా కొత్త నంబర్ ఇవ్వాల్సిందే. రంధ్రం 8.5 నుంచి 9 మి.మీ.కి పెంచితే కొత్త పార్టు పాత చోట పడుతుంది, పాతది కొత్త చోట పడకపోవచ్చు. ఒకే నంబర్ ఉంటే ర్యాక్‌లో రెండూ కలిసిపోయాక ఎవరూ విడదీయలేరు. పాత స్టాకు అయిపోయాకే కొత్తది మొదలవ్వాలంటే డిస్‌కంటిన్యుయేషన్ గడిలో 1, తేదీ, ఫాలో-అప్ మెటీరియల్ రాయండి. బీఓఎం వరుసల్లో కూడా ఆ జోడీ కట్టాలి, లేకపోతే పని చేయదు.

ప్రశ్న: మా క్లయింట్ ఎస్ఏపీ పాత వెర్షన్ ఈసీసీ నుంచి కొత్తదైన ఎస్/4హానాకు మారుతున్నారు. 90 వేల మెటీరియల్ కోడ్లు ఉన్నాయి. అన్నీ తీసుకెళ్లాలా?
– కన్సల్టెంట్, డాలస్

వద్దు. నాలుగు ప్రశ్నలు వేయండి. 24 నెలల్లో కదలిక ఉందా, స్టాకు ఉందా, తెరిచిన ఆర్డరు ఉందా, నడుస్తున్న బీఓఎంలో ఉందా? నాలుగింటికీ "లేదు" వస్తే పాత సిస్టంలోనే వదిలేయండి. అయితే మెయింటెనెన్స్ స్పేర్లను ఈ జల్లెడలో వేయొద్దు. ఐదేళ్లకోసారి కదిలే కంప్రెసర్ బేరింగ్‌కు ఇవన్నీ "లేదు" అనే వస్తాయి.

ప్లానింగ్ వైపు ముందే తేల్చుకోవలసినది స్టోరేజ్ లొకేషన్ స్థాయి ఎమ్మార్పీ. ఎస్/4లో అది లేదు, ఎమ్మార్పీ ఏరియాలకు (విడిగా ప్లాన్ వేసే విభాగాలకు) మారాలి. ప్లాన్ నుంచి విడదీసిన రిజెక్ట్ గోడౌన్లు, సబ్‌కాంట్రాక్ట్ లొకేషన్లు ఏవేవో ఇప్పుడే లిస్టు రాయండి, లేకపోతే మొదటి పరుగులోనే రిజెక్ట్ సరుకు మంచి స్టాకుగా కలిసిపోతుంది. ఎండీ01ఎన్‌తో (ఎస్/4లో ఎమ్మార్పీ నడిపే స్క్రీన్‌తో) నడిపితే బయటి కొనుగోళ్లకు నేరుగా పర్చేజ్ రిక్విజిషన్లు వస్తాయి, ప్లాన్డ్ ఆర్డర్లు రావు. ప్లాన్డ్ ఆర్డర్లను చేత్తో మార్చి పంపే అలవాటున్న కొనుగోలు విభాగానికి ముందుగా చెప్పి, ట్రైనింగ్ ఇవ్వండి.

ప్రశ్న: పద్దెనిమిది మందితో నడిచే మెషిన్ షాపు. ఎక్సెల్, టాలీ తప్ప వేరే ఏమీ లేదు. ఇవన్నీ మాకు అవసరమా?
– యజమాని, బాలానగర్

గడులన్నీ అవసరం లేదు, క్రమశిక్షణ అవసరం. ఒకే షీటు, ఒక పార్టుకు ఒకే వరుస: కోడ్, వర్ణన, వాడే యూనిట్, కొనే యూనిట్, మార్పిడి, తయారా కొనుగోలా, సరఫరాదారు, లీడ్ టైమ్ రోజుల్లో, కనీస ఆర్డరు, రీఆర్డర్ పాయింట్, ర్యాక్ నంబర్, హెచ్‌ఎస్‌ఎన్. పన్నెండు నిలువు వరుసలు. దీన్ని మార్చే హక్కు ఒక్కరికే ఉండాలి, మిగతావాళ్లు చూడగలిగితే చాలు. టాలీలోనే స్టాక్ ఐటెమ్‌కు బీఓఎం, రీఆర్డర్ లెవెల్ పెట్టుకునే వీలుంది. ముందు దాన్ని వాడి చూడండి.

కనీస ఆర్డరు గడిని ఏడాది వాడకంతో పోల్చి చూసుకోండి. ఏడాదికి 200 ఇన్‌సర్టులు (కటింగ్ టూల్‌కు బిగించే ముక్కలు) వాడే చోట 500 కనీస ఆర్డరు ఉంటే అది రెండున్నరేళ్ల స్టాకు. ఈలోగా ఆ గ్రేడ్ మారిపోవచ్చు.

ఎక్సెల్‌లో కోడ్లు పాడయ్యే దారులు మూడు. 00123 అని కొడితే 123 అవుతుంది. 12ఈ5 లాంటి కోడ్‌ను ఇంగ్లిష్ అక్షరంతో కొడితే అది పన్నెండు లక్షలనే అంకెగా మారుతుంది. 8-12 అని రాస్తే ఎనిమిదో తేదీయో, పన్నెండో తేదీయో అయి కూర్చుంటుంది. డేటా అతికించాక ఫార్మాట్ మారిస్తే పోయింది తిరిగి రాదు. ఖాళీ షీటులో ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే అతికించండి. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, కోడ్ వరుసకు టెక్స్ట్ ఎంచుకోండి. కోడ్‌లో ఇంగ్లిష్ ఓ, ఐ అక్షరాలు పెట్టొద్దు. ర్యాక్ మీద చేత్తో రాసిన చీటీలో అవి సున్నా, ఒకటిగా చదువుతారు.